వాకిట్లో ఇంజన్ ముగ్గు

మా మరిది పోయాడు. పోయిన నెల, ఎండ ఇంకా ముదరని ఒక పొద్దున, వేపచెట్టు కింద మంచం మీద పడుకున్నవాడు పడుకున్నట్టే వెళ్లిపోయాడు. జబ్బూ లేదు, జ్వరమూ లేదు. ముందురోజు సాయంత్రం కూడా నేను పెట్టిన చారులో ఉప్పెక్కువైందని నాతో వేళాకోళమాడాడు.

చావు జరిగిన ఇంటి ముందు కల్లాపి చల్లరు, ముగ్గు వేయరు. దారినపోయేవాళ్లకు సంగతి తెలిసేది దాన్ని బట్టే. మా వాకిలి కూడా ఆ పొద్దున బోసిగానే ఉంది. అయినా ఊళ్లో సగంమంది ఏమీ అనుకోలేదు. వీధి చివరింటాయన ఎద్దుల్ని తోలుకుని పోతూ మా వాకిలి చూసి నవ్వాడు. "ఏమ్మా, మళ్లా ఇంజన్ దింపినారా?" అన్నాడు. లోపల్నుంచి మా తోడికోడలి ఏడుపు వినబడ్డాక ఆయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఎద్దులు వాటి దారిన అవి పోయాయి.

ఆయనెందుకు నవ్వాడో చెప్పాలంటే మా మరిది గురించి చెప్పాలి. మాది పావగడ తాలూకా అరసికెరె. నేను ఆ ఇంటి పెద్దకోడలిని. బళ్లో నేర్చుకున్నది కన్నడం, మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి నేర్పింది తెలుగు. అందుకే ఈ రాసే పని నా మీద పడింది. మా ఆయన బావి దగ్గర ఎద్దులతో నీళ్లు తోడే కపిలి తోలుతూ పొద్దుగూకేదాకా పాడగలడు గానీ తమ్ముడి గురించి నాలుగు మాటలు చెప్పమంటే లేచి దొడ్లోకి పోతాడు.

మా మరిదికి దేన్నయినా చెవి ఆనించి వినే అలవాటు. కుండ కొంటే కుండకు, చూలుమేక కనబడితే దాని కడుపుకు. ఆరబోసిన శెనక్కాయల్లోంచి ఒకటి తీసి చెవి దగ్గర ఆడించి, "ఇంకా ఎండాల" అని మళ్లీ కుప్పలో వేసేవాడు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లను సరిగా చూడలేదు. గోడవతల ఆమె మేకను తిడుతుంటే విని, "గొంతు బాగుండాది" అని ఒప్పుకున్నాడు. ఆ గొంతుతో ఆమె తర్వాత రోజూ ఈయన్నే తిట్టిందనుకోండి, అది వేరే సంగతి.

మామ పోయేదాకా, కపిలి బావీ కాస్త చేనూ తప్ప, మా ఇంటి ఆస్తంతా గొర్రెలే. పాళ్లు పంచుకున్నాక తన పాలికి వచ్చిన మందను మా మరిది ఒకరోజు తోలుకుపోయి, సాయంత్రానికి ఒక పాత కారుతో తిరిగొచ్చాడు. రోడ్డు కంట్రాక్టరు ఒకాయన పని ముగించుకుని ఊరు విడిచిపోతూ మందకు మారుగా దాన్నిచ్చి, తోలడం కూడా నేర్పి పంపాడట. పచ్చగడ్డి తినే గొర్రెలిచ్చి పెట్రోలు తాగే గొర్రెను తెచ్చాడని ఊరంతా నవ్వింది. నవ్వినవాళ్లలో నేనే ముందున్నాను.

కానీ అది షోకు కాదు. మా అత్తకు రాయచెర్లులో ఒక అక్క ఉంది. మా మరిదికి పెద్దమ్మ. పసితనంలో తల్లి మంచాన పడితే వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. అట్లాంటి ఆమెకు వాడి పెళ్లి పిలుపు దగ్గర లోటు జరిగింది. ఇంటి ఆడవాళ్లు వెళ్లి బొట్టు పెట్టి పిలవాల్సింది. పనుల హడావిడిలో మా అత్త అటు పోతున్న ఎవరి చేతనో చెప్పించి ఊరుకుంది. "నీ సావుకు తప్ప నీ గడప తొక్కను" అని రాయచెర్లు నుంచి కబురొచ్చింది. ఆడినమాట తప్పని వంశం వాళ్లది. మొండితనానికి ఇంకో పేరు అది.

అత్త మెట్టు దిగి, తానే వెళ్లి కాళ్లు పట్టుకుందామనుకునేసరికి జారిపడి తుంటి విరిగింది. ఎముక అతికింది గానీ సరిగా అతకలేదు. బండి కట్టి ఎక్కిస్తే పొలిమేర దాటకముందే కుదుపులకు కేకలు పెట్టేది. తిప్పి తీసుకొచ్చేవాళ్లం. అప్పట్నుంచి గోడవైపు తిరిగి పడుకుని, "మా అక్క మొగం సూడకుండానే పోతానేమో" అని గోడతో చెప్పుకునేది. ఒకరోజు మా మరిది పొయ్యి దగ్గర నా పక్కన కూర్చుని, పుల్లతో బూడిద కెలుకుతూ, "నా పెండ్లికే కదా వదినా వాళ్లిద్దరూ ఇడిపోయింది" అన్నాడు. మందను తోలుకుపోయింది ఆ తర్వాతే. కారులో మెత్తలు వేసి పడుకోబెడితే అమ్మకు కుదుపు తెలియదని వాడి ఆశ.

ఆ మెత్తల కోసమే పావగడ పోయి వస్తున్నాడు. కారు నీళ్లతొట్టి కారుతోందని డబ్బాలో నీళ్లు పెట్టుకుని పోయాడు. దారిలో బండల మీద ఒక గొర్రె ఈని పడి ఉంది, పక్కన పిల్ల, నీటిచుక్క లేదు. కారు మార్చుకున్నాడు గానీ కాపరి బుద్ధి ఎక్కడికి పోతుంది? డబ్బా నీళ్లన్నీ గొర్రెకు తాపి, ఊరు దగ్గరే కదా అని వచ్చేశాడు. ఊరి ముందర ఇంజన్ కాగి కాగి పట్టేసింది. మా కపిలి ఎద్దులే కారును ఇంటికి ఈడ్చుకొచ్చాయి. "గొర్రె బతికిందా?" అని అడిగింది అత్త. "బతికిందమ్మా." "అయితే ఇంకేంది" అని గోడవైపు తిరిగింది. ఆ తిరగడం చూడలేక వాడు బయటికి వెళ్లిపోయాడు.

పావగడ నుంచి ఒక లారీ డ్రైవరు వచ్చి చూసి, ఇది చచ్చింది, వేరే ఇంజన్ ఎక్కించాల్సిందే అన్నాడు. అవి యుద్ధం రోజులు. పని తెలిసినవాళ్లంతా మిలిటరీ లారీల వెంట పోయారు. కంట్రాక్టరు వదిలిపోయిన షెడ్డులో అదే రకం కారు ఇంకొకటి వెనకభాగం నలిగి పడి ఉంటే, దాని ఇంజన్ తెచ్చుకోమని ఆయన కబురు పంపాడు. వరిగడ్డి చుట్టుకుని అది బండి మీద వచ్చింది. దించేవాడు లేడు, ఎక్కించేవాడు లేడు. "నేనే దింపుతా" అన్నాడు మా మరిది. అప్పటిదాకా వాడు విప్పినవి గొర్రెల మెడతాళ్లే.

మొదటిరోజే భయం పట్టుకుంది. నాలుగు బోల్టులు విప్పగానే ఏది ఎక్కడిదో మరిచిపోయాడు. నేను వాకిట్లో ముగ్గు వేస్తుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇన్ని సుక్కలు నీకెట్ల గుర్తుంటాయి వదినా?"

"నాకు గుర్తుండవబ్బీ. చెయ్యికి గుర్తుంటాయి."

కాసేపు నా వేళ్లనే చూశాడు. "అయితే నీ చెయ్యితో ఈ ఇంజన్ను ముగ్గెయ్యి" అన్నాడు.

అట్లా మొదలైంది. వాడు కారులో తలదూర్చి ఒక్కొక్కటే చెప్పేవాడు, నేను వాకిట్లో పిండితో గీసేదాన్ని. ముందు నీళ్లతొట్టి, దాని వెనక రెక్కలు, మధ్యలో ఇంజన్, పక్కన పెట్రోలు గొట్టం, పొగగొట్టం, వెనక గేర్ల పెట్టె. ఎక్కడ బోల్టు ఉంటే అక్కడ చుక్క. విప్పిన బోల్టు తెచ్చి దాని చుక్క మీద పెట్టడం. కోళ్లు పొడవకుండా వాటి మీద గంపలు బోర్లించాం. గాలికి పిండి చెదిరితే మళ్లీ అదే గీత మీద గీసేదాన్ని. వాకిలంత ఇంజన్ అయింది. చిన్న చిన్న ఇనుపముక్కలు పొద్దుటి ఎండలో మెరుస్తుంటే నాకే ముచ్చటేసేది. మెల్లగా ఆ ముగ్గు నా చేతిలోకి దిగింది.

వాడు పని చేసేటప్పుడు అవీ ఇవీ గొణుక్కునేవాడు. "ఇప్పేటప్పుడు తొందరపడితే బిగించేటప్పుడు ఏడవాల" అనేవాడు. తుప్పుపట్టి తిరగని బోల్టును మా ఆయన సుత్తితో కొట్టబోతే చెయ్యి పట్టుకుని, "కొట్టద్దన్నా. తిరగలేదంటే దానికేదో బాధ ఉంటాది. నూనె పెట్టి మాట్లాడిస్తాం" అన్నాడు. దీపం నూనె పూసి, తెల్లారేదాకా వదిలేసి, పొద్దున చేత్తో తిప్పితే తిరిగింది. ఆ మాట నేను తర్వాత మా తోడికోడలి కోపం మీద కూడా వాడి చూశాను. పనిచేసింది.

ఇంజన్ పైకి లేపాలి. కపిలి గిలక తెచ్చి వేపకొమ్మకు కట్టారు. తోలుబాన కట్టే మోకునే ఇంజన్‌కు కట్టారు. మా ఎద్దులు పుట్టినప్పట్నుంచి చేసింది ఒకటే పని. పాట మొదలైతే ముందుకు నడుస్తాయి, బావిలోంచి బాన పైకొస్తుంది. పాట ఆగితే వెనక్కి నడుస్తాయి, బాన దిగుతుంది. మా ఆయన పాట ఎత్తుకున్నాడు.

"నువ్వు దిగితే నీళ్లెక్కును బసవన్నా..."

ఎద్దులు నడిచాయి. మోకు బిగుసుకుంది. కొమ్మ మూలిగింది. ఆ నల్లటి బరువు కారులోంచి మెల్లగా, పుట్టే దూడలా బయటికొచ్చింది. వేపపూత రాలే రోజులు. గాల్లో తిరుగుతున్న ఇంజన్ మీద తెల్లగా పూలు పడుతున్నాయి. మేమంతా నోళ్లు తెరుచుకుని చూశాం. పాడేవాడు కూడా చూశాడు. చూస్తూ పాట మరిచిపోయాడు. ఎద్దులు తల ఊపి, నేర్చిన పనే కదా, వెనక్కి అడుగు వేశాయి.

మా మరిది చేతులు ఇంకా ఇంజన్ కిందే ఉన్నాయి. అప్పుడు అరుగు మీద వేసిన మంచం మీంచి మా అత్త పాటందుకుంది. ఎన్నేళ్లుగానో ఆ గొంతు పాడగా వినలేదు. సన్నగా, జీరగా, ఎక్కడో దూరపు బావి దగ్గర ఎవరో పాడుతున్నట్టుంది. ఎద్దులు ఆగాయి. చెవులు ఆడించి మళ్లీ ముందుకు నడిచాయి. ఇంజన్ పైకి లేచింది. కారును వెనక్కి నెట్టేదాకా ఆమె పాడుతూనే ఉంది. తర్వాత చెప్పింది, చిన్నప్పుడు అక్కా తనూ పుట్టింటి కపిలి దగ్గర పాడిన పాటట అది. "ఎత్తుకునేది మా అక్క. నేను ఎనక పాడేదాన్ని" అంది. చెప్పి ఏడ్చింది.

పాతది దిగింది గానీ కొత్తది వెంటనే ఎక్కలేదు. దాన్ని కడగాలి, తుడవాలి, పాడైన గొట్టాలకు తోలు కోసి బిగించాలి. ఇంతలో మా వాకిట్లో కల్లాపి లేదు, ముగ్గు లేదు, చిమ్మేది లేదు. బోర్లించిన గంపలు, వాటి చుట్టూ గొంతుక్కూర్చున్న మగవాళ్లు. ఎండ ఎక్కువైందని అత్త మంచం లోపల వేశాం. చెరువు గట్టు మీంచి పోయే ఎవరో గాజులమ్ముకునే మనిషి దూరాన్నుంచే ఇది చూసి, రాయచెర్లులో సంగతి చెప్పేసింది. చూసింది చూసినట్టే చెప్పింది, పాపం. "అరసికెరెలో మీ చెల్లెలింటి ముందర ముగ్గు లేదు" అంది. అంతకంటే ఏం చెప్పాలి?

మర్నాడు పొద్దున వీధి మొదట్లో బండి దిగి, నెత్తిన కొట్టుకుంటూ ఒక ముసలామె వచ్చింది. "నా తల్లీ, బొట్టు పెట్టి పిలవలేదని పంతం పడితినే, ఇప్పుడు పిలవకుండానే వస్తినే" అని పాటలా ఏడుస్తోంది. చంకలో కొత్త చీర, పుట్టింటి తరఫున శవానికి కప్పాల్సినది. మా మరిది మసిచేతులతో లేచి నిలబడి, "పెద్దమ్మా" అన్నాడు. ఆమె వాణ్ణి తోసుకుని, గంపలు దాటుకుని, గడప తొక్కి లోపలికి పోయింది. మా అత్త మంచం మీద గోడకానుకుని రాగి అంబలి తాగుతోంది.

అక్కను చూసి గిన్నె కింద పెట్టింది.

"ఏమే, సచ్చిపోలేదా నువ్వు?" అంది పెద్దమ్మ.

"నీకంటే ముందా? పెద్దదానివి నువ్వుండంగా?"

"మరి వాకిట్లో ముగ్గెందుకు లేదే!"

"నీ కొడుకునడుగు. ముగ్గెయ్యాల్సిన తావంతా ఇంజన్ పరిచినాడు."

పెద్దమ్మ వెనక్కి తిరిగి వాకిలి చూసింది. అప్పుడు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో, మంచం మీద కూలబడి చెల్లెలి విరిగిన తుంటి మీద చెయ్యి పెట్టింది. "నొప్పుండాదా?" అని అడిగింది. "ఇప్పుడు లేదు" అంది మా అత్త. అబద్ధం. మా మరిది గుమ్మంలో తలవంచుకుని నిలబడి ఉన్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. నేను చూడనట్టు గంపలు సర్దుకున్నాను.

కొత్త ఇంజన్ ఎక్కించే రోజు అక్కాచెల్లెళ్ల మంచం వేపచెట్టు కిందికే తెచ్చాం. దించడం లేపడమంత తేలిక కాదు. వెనకున్న గేర్ల పెట్టె ఇరుసు ఇంజన్ బొక్కలోకి సూటిగా దూరాలి. అడుగడుగుగా దించాలి. మా ఆయన ఎద్దుల ముక్కుతాళ్లు పట్టుకున్నాడు. కారు కింద మా మరిది నా వంటింటి తెడ్డు ఒక కొన ఇనుముకు, ఒక కొన చెవికి ఆనించి పడుకున్నాడు. పాట పెద్దమ్మ ఎత్తుకుంది. "నువ్వు దిగితే గంగెక్కును బసవన్నా..."

"గంగ కాదక్కా, నీళ్లు" అంది మా అత్త.

"నీకేం తెలుసు? మా అమ్మ గంగనే పాడేది."

"నీకే కాదు, నాకూ అమ్మనే!"

పాట ఆగింది. ఎద్దులు ఒక అడుగు వెనక్కి వేశాయి. ఇంజన్ జానెడు దిగింది. ఇద్దరూ ఉలిక్కిపడి పాడారు. ఎద్దులు ఆగాయి. రెండు మాటలు పాడేలోపు మళ్లీ గంగా, నీళ్లూ. మళ్లీ ఒక అడుగు. కారు కిందనుంచి మా మరిది అరిచాడు, "పెద్దమ్మా, ఇంకొక మాట పోట్లాడు! ఇంకొంచెం దిగాల!" ఏళ్లకు ఏళ్లు దాచుకున్న పోట్లాటంతా ఆ పూట అడుగడుగునా ఖర్చయిపోయింది. చివరికి ఇద్దరికీ అనడానికి ఏమీ మిగల్లేదు. ఇనుము ఇనుములో కూర్చున్న చప్పుడు నాక్కూడా వినబడింది. "సరిపోయింది" అని కింద మెల్లగా అన్నాడు వాడు. మళ్లీ అన్నాడు, "సరిపోయింది."

చుక్క చుక్కా చూసుకుంటూ బోల్టులన్నీ ఎక్కించాం. హ్యాండిల్ తిప్పగా తిప్పగా ఇంజన్ దగ్గింది, తుమ్మింది, నడిచింది. అప్పుడు చూస్తే వాడి చేతిలో ఒక బోల్టు మిగిలి ఉంది. ముగ్గంతా గాలికీ కాళ్లకూ చెదిరిపోయింది. అది ఎక్కడిదో తేలలేదు. కారు మాత్రం అది లేకుండానే నడిచింది.

పెద్దమ్మను దింపడానికి రాయచెర్లు బయల్దేరిన పొద్దున మా అత్త ఆ కొత్త చీరే కట్టుకుంది. "సావుకు తెచ్చింది, కట్టద్దమ్మా" అంటే, "మా అక్క పెట్టిన చీర ఊరికే పోనిస్తానా" అంది. అక్క ఒళ్లో తల పెట్టుకుని వెనక సీటులో మెత్తల మీద పడుకుంది. మా మరిది ఎద్దులు వెనక్కి నడిచినంత నెమ్మదిగా నడిపాడు. పంట తీసేసిన శెనగచేల మధ్య, దుమ్ము కూడా లేవనంత నెమ్మదిగా. పిల్లలు పక్కన నడుస్తూ మమ్మల్ని దాటిపోయారు. రాయచెర్లు ఎప్పటికొస్తుందని ఎవరూ అడగలేదు. రాకపోయినా బాగుండుననిపించింది నాకు. అత్త కేక పెట్టలేదు. కళ్లు మూసుకుని ఏదో పాడుకుంటోంది. వంగి విన్నాను. గంగ అనే పాడుతోంది.

ఇద్దరు ముసలమ్మలూ ఇప్పుడు లేరు. ఒకరి వెనక ఒకరు వెళ్లారు. పెట్రోలు దొరక్క కారు చాలాకాలం వేపచెట్టు కిందే నిద్రపోయింది. మా మరిది మాత్రం ఆ బోల్టును రొంటిన పెట్టుకుని తిరిగేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ తీసి వేళ్ల మధ్య తిప్పేవాడు. ఎవరైనా నవ్వితే, "ఇది యాడిదో కనుక్కునేదాకా నేను యాడికీ పోనప్పా" అనేవాడు. మాట తప్పాడు. ఆ వంశంలో ఆడినమాట తప్పింది వీడొక్కడే, నాకు తెలిసినంతలో.

కర్మలన్నీ అయిన మర్నాడు వాకిలి చిమ్మి, కల్లాపి చల్లి, పిండి పట్టుకుని కూర్చున్నాను. మామూలు ముగ్గే వేద్దామనుకున్నాను. చెయ్యి వినలేదు. ముందు నీళ్లతొట్టి వేసింది, దాని వెనక రెక్కలు, మధ్యలో ఇంజన్. చుక్కలు వాటంతటవే పడుతున్నాయి. మా తోడికోడలు గుమ్మంలో నిలబడి చూసింది. లోపలికి పోయి వాడి పంచె కొంగు మూట విప్పి, ఆ బోల్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దీని సుక్క యాడక్కా?" అంది.

నాకు తెలియదు. మధ్యలో ఒక చుక్క చూసి దాని మీద పెట్టాను. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం, పొద్దెక్కేదాకా.

వాడు పోయినప్పట్నుంచి నోరు విప్పని మా ఆయన దొడ్లోంచి వచ్చి ముగ్గు దగ్గర ఆగాడు. "నువ్వు దిగితే..." అని ఎత్తుకున్నాడు. అంతవరకే పాడగలిగాడు. చెట్టు కింద కట్టేసి ఉన్న ఎద్దులు చెవులు రిక్కించి, కాసేపు ఎదురుచూసి, ఒక అడుగు వెనక్కి వేశాయి.